గోల్కొండ కథల్లో ఏది నిజం, ఏది కల్పన? మా పాపకి జవాబు చెప్పలేకపోయాను

లంగర్‌హౌజ్ నాన్న:

అందరికీ నమస్తే. మా పాప ఐదో తరగతి. కోట చూపించమని రెండు నెలలుగా అడుగుతుంటే పోయిన ఆదివారం గోల్కొండకి తీసుకెళ్లాను. మేం ఉండేది లంగర్‌హౌజ్‌లోనే, చిన్నప్పుడు సెలవులొస్తే ఆ మెట్ల మీదే ఉండేవాళ్లం, అందుకని గైడ్ ఎందుకులే నేనే చెప్తాను అనుకుని బయల్దేరాను. తీరా పాప అడిగిన వాటిలో సగానికి జవాబు తెలియలేదు, చెప్పిన సగంలోనూ ఎంత నిజమో నాకే నమ్మకం లేదు. వారం నుంచి అదే మనసులో తిరుగుతోంది.

కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే గుట్ట పైనున్న బాలా హిస్సార్ మహల్లో వినిపిస్తుంది కదా, అది చూసి బాగా సంతోషపడింది. ఎలా నాన్నా అంటే అప్పటివాళ్ల తెలివి అన్నాను, అంతకంటే చెప్పడం రాలేదు. రామదాసు గదిలోకి వెళ్లాక గోడ మీద బొమ్మలు చూసి చాలాసేపు కదల్లేదు. రాజు మంచివాడా చెడ్డవాడా అని అడిగింది. పన్నెండేళ్లు జైల్లో పెట్టినవాడు మళ్లీ భద్రాచలం రాముడికి ముత్యాలు ఎందుకు పంపాడు అని. నిజంగా నా దగ్గర జవాబు లేదు. కోహినూర్ ఇక్కడే తవ్వారా, ఇక్కణ్ణుంచి చార్మినార్‌కి సొరంగం ఉందా, భాగమతి కోసమే పురానాపూల్ కట్టారా, ఔరంగజేబుకి తలుపు తీసింది ఎవరు, ఇలా దారిపొడుగునా అడుగుతూనే ఉంది.

సాయంత్రం కుతుబ్‌షాహీ సమాధులకి కూడా వెళ్లాం. అక్కడ ఒక్కటే అడిగింది, రామదాసుని జైల్లో పెట్టిన రాజు సమాధి ఏది అని. నాకు కనపడలేదు, తర్వాత చెప్తాను అన్నాను. ఇంకా చెప్పలేదు.

పిల్లకి కట్టుకథని చరిత్రగా చెప్పడం నాకు ఇష్టం లేదు, అలాగని కథలన్నీ అబద్ధాలని కొట్టిపారేయడమూ ఇష్టం లేదు. తెలిసినవాళ్లు కాస్త ఓపికగా రాయండి.

పాతబస్తీ మాస్టారు:

ముందు మీ పాపకి నా ఆశీస్సులు. ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పాను, ప్రతి ఏడాదీ పిల్లల్ని ఆ కోటకి తీసుకెళ్లాను, రాజు మంచివాడా చెడ్డవాడా అనే ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. దానికి వేరేవాళ్లు చెప్తారు, నేను కోట పుట్టుక, చప్పట్లు, ఈ రెండూ చెప్తాను.

పేరు గొల్ల కొండ. ఒక గొల్ల పిల్లవాడికి ఈ గుట్ట మీద దేవుడి విగ్రహం దొరికిందని, ఆ సంగతి కాకతీయ రాజుకి చేరితే విగ్రహం చుట్టూ మట్టికోట కట్టించాడని కథ. ఇది కథగానే చెప్పండి. కానీ వట్టి ఊహ అనుకోవద్దు, ఎందుకంటే సుల్తానులు రాకముందే ఇక్కడ తెలుగు రాజుల కోట ఒకటి ఉందన్న సంగతి మాత్రం గట్టిది. ఓరుగల్లుని ఢిల్లీ వాళ్ల చేతుల్లోంచి విడిపించిన ముసునూరి కాపయ నాయకుడు, 1360ల్లో బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షాతో ఓడిపోయి సంధి చేసుకున్నప్పుడు ఇచ్చుకున్న వాటిలో గోల్కొండ ఒకటి. రెండు రాజ్యాలకీ ఇదే సరిహద్దు అని ఒప్పందం. నీలం కలిసిన ఆకుపచ్చ రంగు ఫిరోజా సింహాసనం ఒకటి కూడా అప్పుడే బహమనీలకి వెళ్లింది, తర్వాత వాళ్ల సుల్తానులు దాని మీదే కూర్చున్నారు. అంటే కోట చరిత్ర మన ఇంటి కథలాగే మొదలవుతుంది, ఓడిపోయి ఇచ్చుకున్న కోట.

తర్వాత ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చిన సుల్తాన్ కులీ, కుతుబ్‌షాహీ వంశానికి మొదటివాడు, బహమనీల కింద తెలంగాణకి అధికారి అయ్యాడు. మట్టికోట రాతికోట అయింది అతని కాలం నుంచే. 1518లో స్వతంత్రం ప్రకటించుకున్నాడని మేం కూడా బడిలో చెప్పేవాళ్లం, కానీ అదే ఏడాది బాలా హిస్సార్ దర్వాజా దగ్గర కట్టించిన జామి మసీదు శాసనంలో బహమనీ సుల్తాను పేరే వేయించాడు. అంటే చేతిలో అధికారం అంతా ఉన్నా పైవాడి పేరు చెరపలేదు. ఆ మసీదు చాలామంది చూడకుండానే లోపలికి వెళ్లిపోతారు. మీరు ఈసారి ఆగి చూడండి. 1543లో తొంభై దాటిన ముసలితనంలో ఆయన నమాజులో ఉండగా చంపించారు, చంపించింది సొంత కొడుకు జంషీద్. ఇంకో కొడుకు ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకుని విజయనగరం పారిపోయి అళియ రామరాయల దగ్గర ఏడేళ్లు ఉన్నాడు. అక్కడే తెలుగు వంటబట్టింది. 1550లో తిరిగొచ్చి సింహాసనం ఎక్కాక తెలుగు కవుల్ని ఎంతలా ఆదరించాడంటే వాళ్లు ఆయన పేరుని మల్కిభరాముడు అని తెలుగు చేసేసుకున్నారు, అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్నే ఆయనకి అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తానులతో కలిసి, తనకి అన్నం పెట్టిన రామరాయల మీద యుద్ధానికి వెళ్లాడు. నాకు ఇన్నేళ్లలో పిల్లలకి చెప్పడానికి అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే.

ఇక చప్పట్లు. దర్వాజా దాటగానే నెత్తి మీద ఉన్న గుమ్మటం లోపలి భాగం చూడండి, నున్నగా ఉండదు, వజ్రం చెక్కినట్టు పలకలు పలకలుగా ఉంటుంది. ఆ పలకలు శబ్దాన్ని చెదిరిపోనివ్వకుండా ఎదురుగా ఉన్న కమానుల వైపు, పైకి తోస్తాయి. సరిగ్గా గుమ్మటం కింద నిలబడి కొడితేనే పైకి వినిపిస్తుంది. రెండడుగులు పక్కకి జరిగి కొట్టించండి, వినపడదు. పాపకి ఈ తేడా స్వయంగా చేయించి చూపిస్తే ఇంక మీరు ఏమీ చెప్పనక్కర్లేదు. పైన బాలా హిస్సార్ దాదాపు 120 మీటర్ల ఎత్తులో ఉంది, మధ్యలో ఎన్ని మలుపులో మీకు తెలుసు, దర్వాజా దగ్గరికి ఎవరొచ్చారో పైవాళ్లకి క్షణంలో తెలియాలంటే మనిషి పరిగెత్తి చెప్పే టైం లేదు. అదీ దాని పని.

ఆ దర్వాజాకి అడ్డంగా ఎదురుగా ఒక గోడ ఉంటుంది, గమనించారా? ఏనుగు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి తలుపుని గుద్దకుండా కట్టిన గోడ అది. తలుపు మీద ఇనుప మేకులు కూడా అందుకే. అదే దర్వాజా మీద యాళి బొమ్మలు, నెమళ్లు చూడండి, చెక్కింది మన దగ్గరి శిల్పులే అని చూస్తేనే తెలిసిపోతుంది.

ఇంకొకటి, పిల్లలకి నీళ్ల సంగతి తప్పకుండా చెప్పాలి. గుట్ట మీదికి నీళ్లు ఎలా ఎక్కించారు? అంచెలంచెలుగా తొట్లు, ఒక తొట్టి నుంచి పై తొట్టికి తోడే చక్రాలు, గోడల్లో మట్టి గొట్టాలు. ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కొన్ని చోట్ల గోడల్లోంచి కనిపిస్తాయి. నాకు రాజుల కథల కంటే ఆ గొట్టం ముక్క చూసినప్పుడే ఒళ్లు పులకరిస్తుంది.

గోదారి ఒడ్డు:

రామదాసు గురించి నేను రాస్తాను, మాది భద్రాచలం.

మా నాయనమ్మని ఒకసారి ఆ బందిఖానాకి తీసుకెళ్లాం. అప్పటికే మోకాళ్లు సహకరించవు, అయినా చేతుల మీద ఎత్తుకుంటామంటే ఒప్పుకోలేదు, ఒక్కో మెట్టూ కూర్చుంటూ ఎక్కింది. లోపల చల్లగా, చీకటిగా ఉంటుంది, పైనున్న చిన్న కన్నం లోంచి పడే వెలుతురే దిక్కు. గోడకి చెక్కిన సీతారామలక్ష్మణులని, హనుమంతుణ్ణి చేత్తో తడిమి నేల మీద తల ఆనించి ఎంతసేపు ఉండిపోయిందో. ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది, ఈ కథలో మనం సాక్ష్యాలు వెతికే చోటు వేరు, ఆమె తల ఆనించిన చోటు వేరు. రెండూ పాపకి చెప్పొచ్చు, ఒకదాంతో ఒకటి కలపకుండా.

గట్టిగా తెలిసింది ఇది. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, ఊరు ఖమ్మం దగ్గర నేలకొండపల్లి. గోల్కొండ ఆస్థానంలో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న మాదన్నలు ఆయనకి మేనమామలు. వాళ్ల వల్లే భద్రాచలం వైపు తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. శిస్తు డబ్బుతో గుడి కట్టించాడు, నగలు చేయించాడు, ఖజానాకి కట్టాల్సింది కట్టలేదు, జైల్లో పడ్డాడు. ఏ నగకి ఎంతయిందో, ఎవరెవరికి ఏమేం చేయించాడో రాముడికే లెక్క అప్పజెప్తూ, చివరికి దెబ్బలు ఓర్వలేక తిట్టి, తిట్టినందుకు మళ్లీ బతిమాలుకున్న కీర్తన తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అంత లెక్క చెప్పాడంటే తప్పించుకోవాలని చూసినవాడు కాదు కదా.

రామోజీ, లక్ష్మోజీ అని ఇద్దరు కుర్రాళ్లు అర్ధరాత్రి అప్పటి రాజు తానీషా పడకగదిలోకి వచ్చి ఆరు లక్షలు గుమ్మరించి రసీదు తీసుకెళ్లారనేది భక్తుల కథ. దానికి కాగితం చూపించమంటే ఎవరూ చూపించలేరు. కానీ ఆ కథలో ఒకటి గమనించండి. అన్నేళ్లు గోపన్న ఏడ్చి పిలిచినా కనపడని రాముడు తానీషాకి కనపడ్డాడు. మా నాయనమ్మ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ గొంతు పూడుకుపోయేది, ఆ తురక రాజు ఎంత పుణ్యం చేసుకున్నాడో అనేది. మన వాళ్లు ఆ రాజుని రాక్షసుణ్ణి చేయలేదు. గోపన్నని బంధించింది అతనే అని చెప్తూనే దర్శనం కూడా అతనికే ఇచ్చారు.

సర్కారు నుంచి శ్రీరామనవమికి ముత్యాల తలంబ్రాలు రావడం మాత్రం కథ కాదు, ఇప్పటికీ ఏటా కల్యాణానికి పట్టువస్త్రాలతో పాటు వస్తాయి. మీ పాపకి కల్యాణం చూపించండి ఒకసారి, అక్కడ ఆ ముత్యాలు చూస్తే గోల్కొండలో చూసిన గది గుర్తొస్తుంది.

పాతబస్తీ మాస్టారు:

అమ్మా, చాలా బాగా రాశారు. ఒక్క మాట కలుపుతాను. ఆ గది మొదట జైలు కోసం కట్టింది కాదు, సామాను దాచే కొట్టు. దానికి దగ్గర్లోనే అంబర్‌ఖానా అని ధాన్యం దాచే గిడ్డంగి ఉంది, 1642లో కట్టారని పారశీ శాసనం కూడా ఉంది. కిటికీలు లేకపోవడం, పైన కన్నం, ఇవన్నీ అందుకే. పాప ఇంత చీకటి గది ఎందుకు కట్టారు అని అడిగితే ఇది చెప్పండి. ఇంకో లెక్క, తానీషా ఏలింది 1672 నుంచి 1687 దాకా. గోపన్నకి ఉద్యోగం రావడం, గుడి కట్టడం, ఆపైన పన్నెండేళ్ల చెర, ఇవన్నీ ఆ పదిహేనేళ్లలో ఇరికించడం కష్టమే. పన్నెండు అనే అంకె మన కథల్లో చాలా చోట్ల వస్తుంది, దాన్ని పట్టుకుని వాదించుకోవాల్సిన పని లేదు.

పల్నాటి కుర్రాడు:

కోహినూర్ ఇక్కడే తవ్వారా అన్న ప్రశ్నకి మా ఊరి వైపు నుంచి జవాబు. గోల్కొండ గుట్టలో వజ్రాలు లేవండి, అది గ్రానైట్ బండ. వజ్రాలు దొరికింది కృష్ణ ఒడ్డున, మా పల్నాడులో కొల్లూరు, అటు పక్క పరిటాల, అలాంటి చోట్ల. గోల్కొండ సుల్తానుల రాజ్యంలో గనులు, గోల్కొండ పక్కన కార్వాన్‌లో సానపట్టడం, అమ్మకం. కొనేవాళ్లకి తెలిసింది అమ్మిన ఊరి పేరే. అందుకే గోల్కొండ వజ్రం అయింది, మా కొల్లూరు పేరు పోయింది.

పదిహేడో శతాబ్దంలో టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి కొల్లూరు వచ్చి చూశాడు, అరవై వేల మంది దాకా పని చేస్తున్నారని రాశాడు, మగవాళ్లు తవ్వడం, ఆడవాళ్లు పిల్లలు మట్టి మోయడం. పెద్ద రాయి దొరికితే సుల్తానుకే పోవాలి. 1720ల్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే దాదాపు మన దేశం నుంచే. కోహినూర్ కొల్లూరుదే అని ఎక్కువమంది అంటారు, అది అంత తేలిగ్గా తేలే విషయం కాదు, కానీ అమెరికాలో మ్యూజియంలో ఉన్న నీలి హోప్ వజ్రం టావెర్నియర్ మన దగ్గర కొనుక్కెళ్లిన రాయి నుంచి కోసిందే. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మా తాత ఆ గుంతలు చూశాడు, నేను చూడలేదు. పాపకి కోట చూపించినప్పుడు ఆ అరవై వేల మంది గురించి కూడా ఒక మాట చెప్పండి అన్నా, ఆ గోడలకి డబ్బు అక్కణ్ణుంచే వచ్చింది.

లంగర్‌హౌజ్ నాన్న:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి పాపకి నాయనమ్మ గారి సంగతి చదివి వినిపించాను, ఆమె ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగింది. అరవై వేల మందిలో పిల్లలు కూడా ఉన్నారా అని కూడా అడిగింది.

ఔరంగజేబు ముట్టడి సంగతి ఎవరైనా చెప్తారా? ఒక కుక్క కోటని కాపాడిందని మా అమ్మ చెప్పేది, అది అమ్మ అల్లిందా, నిజంగా ఎక్కడైనా ఉందా?

బురుజు:

కుక్క సంగతి ఉంది! మీ అమ్మగారు అల్లింది కాదు. ఖాఫీ ఖాన్ అని మొఘలుల తరఫు చరిత్రకారుడే రాశాడు. ఒక రాత్రి ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు చప్పుడు లేకుండా నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కుతుంటే పైన ఒక ఊరకుక్క మొరిగింది, కాపలావాళ్లు లేచి ఎక్కినవాళ్లని ఎక్కినట్టే కిందికి తోశారు. తానీషా ఆ కుక్కకి బంగారు గొలుసు, నగలు తాపిన పట్టీ, జరీ బట్ట వేయించాడట. గెలిచినవాళ్ల పక్షం మనిషి తమ వాళ్లు ఓడిన రాత్రి గురించి ఇలా రాశాడంటే నాకు నమ్మబుద్ధేస్తుంది.

మొదటి నుంచి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ఔరంగజేబు గోల్కొండ మీదికి రావడం అది మొదటిసారి కాదు. 1656లో రాకుమారుడిగా ఉన్నప్పుడే వచ్చి ముట్టడించాడు, అప్పుడు రాజు అబ్దుల్లా కుతుబ్ షా. రాజు తల్లి హయాత్ బక్షీ బేగం స్వయంగా మాట్లాడి, డబ్బు ఒప్పుకుని, రాజు కూతుర్ని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్లి చేసేలా సంధి కుదిర్చింది. ఆ దెబ్బతో కోటలో ఎక్కడ లోపముందో తెలిసింది. ఈశాన్యం వైపు ఒక మిట్ట నుంచి శత్రువు ఫిరంగులు కొట్టగలడని, ఆ మిట్టని కూడా కలిపేసి కొత్త గోడ కట్టారు, అదే నయా ఖిలా. మూసా బురుజు కూడా తర్వాత 1666లో కట్టిందే. దాని మీద పారశీతో పాటు తెలుగులో కూడా శాసనం వేశారు, 1656లో ఫిరంగి దెబ్బకి మొఘల్ సేనాని మీర్ మీరాన్ పడిపోయిన సంగతి అందులో ఉంది. కట్టిన మేస్త్రి ధర్మాచారి. సుల్తాను కోట మీద గెలుపు కబురు తెలుగులో రాయించారంటే చదివేవాళ్లు ఎవరో ఆలోచించండి.

1685లో మళ్లీ వచ్చారు. హైదరాబాద్ పోయింది, తానీషా కోటలోకి చేరుకున్నాడు. మొఘలులకి కోపం ముఖ్యంగా అక్కన్న మాదన్నల మీద, 1686లో గోల్కొండవాళ్లే వాళ్లిద్దర్నీ ఇక్కడ చంపేశారు. అదయితే ఔరంగజేబు చల్లబడతాడని కోటలో కొందరు ఆశపడ్డారు, చల్లబడలేదు. బీజాపూర్‌ని పూర్తి చేసుకుని 1687 మొదట్లో గోల్కొండ ముందు దిగాడు.

ఎనిమిది నెలలు. వానలు ముంచెత్తాయి, తిండి దొరకలేదు, రోగాలు. గోడ కింద సొరంగాలు తవ్వి మందుగుండు పెడితే, లోపలివాళ్లు అది ముందే పసిగట్టి చాలా మందుని లాగేసి నీళ్లు పోశారు, మిగిలింది పేలి రాళ్లన్నీ మొఘలుల మీదే పడ్డాయి, వందల మంది చనిపోయారు. మొదటి నిజాం తాత కులీచ్ ఖాన్ చెయ్యి ఆ ముట్టడిలోనే గుండు దెబ్బకి పోయింది. వైద్యులు ఎముక ముక్కలు తీస్తుంటే రెండో చేత్తో కాఫీ తాగుతూ వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నాడని రాశారు, మూడు రోజులకి చనిపోయాడు, ఇక్కడే హిమాయత్‌సాగర్ వైపు సమాధి. ఆయన మనవడే 1724లో ఇక్కడ ఆసఫ్‌జాహీ వంశం మొదలుపెట్టాడు. తాత చనిపోయింది ఈ గోడ కిందే.

తలుపు తీసింది అబ్దుల్లా ఖాన్ పనీ. లోపలి సర్దారే, లంచానికి లొంగాడు, సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున చిన్న ద్వారం తీశాడు. పెద్ద పెద్ద ఫిరంగులతో కానిది ఒక మనిషితో అయింది. మనం ఇప్పుడు ఫతే దర్వాజా అని పిలిచే పేరు గెలిచినవాళ్లు పెట్టింది.

అప్పుడు అడ్డుపడినవాడు అబ్దుల్ రజాక్ లారీ. అంతకుముందే ఔరంగజేబు పెద్ద పదవి ఇస్తానని ఫర్మానా పంపితే బురుజు మీద అందరికీ చూపించి చింపేశాడు. ఆ తెల్లవారుజామున జీను కూడా సరిగా వేయని గుర్రం ఎక్కి పది పన్నెండు మందితో ఎదురెళ్లాడు. డెబ్బైకి పైగా గాయాలు, ఒక కన్ను దెబ్బతింది. ఔరంగజేబు తన వైద్యుల్ని పంపి బతికించాడు. ఇలాంటివాడు ఇంకొకడుంటే కోట దక్కేది కాదని పాదుషా అన్నాడని చెప్తారు. నేను ఫతే దర్వాజా లోంచి బండి మీద పోయిన ప్రతిసారీ ఆ మనిషి గుర్తొస్తాడు, అక్కడ ఆయన పేరుతో ఒక చిన్న పలక అయినా ఉంటే బాగుండు అనిపిస్తుంది.

చార్మినార్ సొరంగం గురించి నా జవాబు కూడా ఇందులోనే ఉంది. అలాంటి దారి ఉంటే ఎనిమిది నెలలు ఆకలితో చిక్కుకున్న కోటలో ఎవరూ దాన్ని వాడకుండా ఉంటారా? మొఘలులు లోపలికి వచ్చేశారని తెలిశాక తానీషా పారిపోలేదు. దర్బారు బట్టలు వేసుకుని, ఆడవాళ్లకి ధైర్యం చెప్పి, వచ్చిన సర్దారుల్ని మర్యాదగా కూర్చోబెట్టి, భోజనం వేళయింది తెమ్మన్నాడు. ఈ సమయంలో ముద్ద ఎలా దిగుతుంది అని వాళ్లే ఆశ్చర్యపోయారు.

మూసీ గట్టు:

పురానాపూల్ ఒక్కటి మిగిలింది కదా, అది నేను చెప్తాను. యువరాజు మహమ్మద్ కులీ వరదలో గుర్రం మీద మూసీ దాటి భాగమతి దగ్గరికి వెళ్లాడని, తండ్రి భయపడి వంతెన కట్టించాడని కథ. వంతెన కట్టింది 1578లో. యువరాజు పుట్టింది 1565 ప్రాంతంలో. అంటే పదమూడేళ్లు. ఇంక మీరే చెప్పండి. గోల్కొండలో జనం కిక్కిరిసిపోయారు, అవతలి ఒడ్డుకి ఊరు పెరగాలి, వర్తకం సాగాలి, అందుకు వంతెన కావాలి. పదమూడేళ్ల తర్వాత 1591లో ఆ అవతలి ఒడ్డునే చార్మినార్ లేచింది. భాగమతి అసలు ఉందా లేదా అని పెద్ద పెద్ద చరిత్రకారులే వాదించుకున్నారు, ఫెరిష్తా ఉందన్నాడు, మన కాలంలో షేర్వాణీ లేదన్నాడు. నాకు ఉండాలనే ఉంటుంది, కానీ వంతెన మాత్రం ఆమె ఖాతాలో వేయలేను.

తారామతి, ప్రేమామతిల సంగతి వేరు. బారాదరి మంటపం నుంచి కోట దాకా తాడు మీద నాట్యం చేస్తూ వచ్చారన్నది కథే, రెండు కిలోమీటర్ల తాడు ఎలా కడతారు. కానీ వాళ్లిద్దరూ నిజంగా ఉన్న మనుషులు, అబ్దుల్లా ఆస్థానంలో పాడినవాళ్లు. మీరు ఆదివారం వెళ్లిన సమాధుల తోటలోనే వాళ్ల సమాధులు ఉన్నాయి, రాజుల పక్కన. మీరు వాటి పక్కనుంచే నడిచి వచ్చి ఉంటారు.

ఇంక పైకి వెళ్లినప్పుడు జగదాంబ మహంకాళి గుడి దగ్గర కాసేపు కూర్చోండి. ఇన్ని రాజ్యాలు మారినా ఆషాఢంలో మన బోనాలు మొదలయ్యేది ఆ గుట్ట మీదే. మీ లంగర్‌హౌజ్ నుంచే కదా ఊరేగింపు బయల్దేరేది, మీకు నేను చెప్పాలా.

లంగర్‌హౌజ్ నాన్న:

మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది అన్నా. మా అమ్మ కూడా బోనం ఎత్తుకుని ఆ మెట్లు ఎక్కింది. కుక్క కథ నిజంగా రాసి ఉందని ఫోన్ చేసి చెప్తే నాలుగుసార్లు చెప్పించుకుని విన్నది.

ఇంక ఒక్క ప్రశ్న ఉండిపోయింది. తానీషా సమాధి?

బురుజు:

అక్కడ లేదండి, అందుకే మీకు కనపడలేదు. ఔరంగజేబు ఆయన్ని దౌలతాబాద్ కోటకి పంపాడు. పన్నెండేళ్ల పైన అక్కడే బందీగా ఉండి అక్కడే చనిపోయాడు, దగ్గర్లోని ఖుల్దాబాద్‌లో సమాధి చేశారు. వంశంలో మిగతా రాజులందరూ ఇక్కడ ఒకే తోటలో ఉన్నారు, ఆయన ఒక్కడే దూరంగా ఉన్నాడు.

లంగర్‌హౌజ్ నాన్న:

ఇప్పుడే పాపకి చెప్పాను. రామదాసు కూడా పన్నెండేళ్లే కదా నాన్నా అంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం, ముందు మూసా బురుజు, తెలుగు అక్షరాలు తనే చదువుతుందట. ఆ బురుజు దగ్గరికి ఇప్పుడు ఏ వైపు నుంచి వెళ్లనిస్తున్నారో ఈ మధ్య చూసినవాళ్లు ఉంటే చెప్పండి.